పూల్ పంపు గాలి పీలుస్తోందా? నేల తవ్వే ముందు ఇవి చూడండి

స్విమ్మింగ్ పూల్‌లోకి నీళ్లు తిరిగొచ్చే రిటర్న్ నాజిళ్లలోంచి నీళ్లతోపాటు బుడగలు బుసబుసమంటూ వస్తుంటాయి. పంపు మీది అద్దపు మూతలోంచి చూస్తే చెత్త పట్టే స్ట్రైనర్ బుట్ట నిండా నీళ్లుండవు, పైసగం గాలి ఆడుతుంటుంది. ఫిల్టర్ మీద ప్రెజర్ గేజ్ ముల్లు ఒకచోట నిలవదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే సక్షన్ వైపు, అంటే పూల్ నుంచి పంపుకు నీళ్లు లాగే లైనులో, ఎక్కడో గాలి పడుతోందని అర్థం.

బావి మీద మోనోబ్లాక్ మోటారు నడిపిన ఇళ్లలో ఈ సంగతి కొత్త కాదు. పైపు జాయింట్ దగ్గర గాలి పీలిస్తే మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. అప్పుడు సైకిల్ ట్యూబు ముక్క బిగించి చుట్టి, మళ్లీ నీళ్లు పోసి మోటారు వేసేవారు. పూల్ పంపుదీ అదే సూత్రం. పంపుకు తర్వాతి లైనులో నీళ్లు ఒత్తిడి మీద ఉంటాయి కాబట్టి అక్కడ చిల్లు పడితే బయటకు చిమ్ముతాయి, ఎవరికైనా కనిపిస్తుంది. పంపుకు ముందు లైనులో లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ. అక్కడి చిల్లు నీళ్లు కార్చదు, గాలి లాక్కుంటుంది. పంప్ రూమ్ నేల పొడిగా ఉందని, లీకు లేదని సూపర్‌వైజర్ రాసుకునేది ఇందుకే.

గాలి పడుతుంటే వదిలేయకండి. ఫిల్టర్‌లో చేరిన గాలి ఇసుక పొరను కదిలిస్తుంది, నీళ్లు సరిగా వడకట్టవు. పంపులో నీళ్లు తగ్గితే మెకానికల్ సీలు (మోటారు వైపు నీళ్లు కారకుండా ఆపేది) చల్లబడే దారి లేక కాలిపోతుంది. ఫిల్టర్ ట్యాంకులో ఒత్తిడికి గురైన గాలి మరీ ప్రమాదం. నీళ్లు ఎంత నొక్కినా స్ప్రింగులా ఎగరవు, గాలి ఎగురుతుంది. క్లాంప్ సరిగా పట్టని ఫిల్టర్ మూత లేచి మనిషిని కొట్టగలదు. అందుకే ప్రతిసారీ పంపు వేసే ముందు ఫిల్టర్ పైన ఉండే ఎయిర్ బ్లీడ్ స్క్రూ తెరవండి. అందులోంచి గాలి పోయి నీళ్లు ధారగా వచ్చాక మూయండి. స్విచ్ వేసేటప్పుడు ఫిల్టర్ మీదికి వంగకుండా పక్కకు నిలబడండి.

ఏ మూత తెరిచేముందైనా పంపు ఆపి, బోర్డులో ఎంసీబీ దించండి. టైమర్ ఆఫ్ చేశాం కదా అంటే చాలదు, మధ్యలో అదే మళ్లీ ఆన్ కావచ్చు. పంప్ రూమ్ సెల్లార్‌లో పూల్ మట్టం కంటే కిందుంటే సక్షన్, డెలివరీ వాల్వులు రెండూ మూశాకే ఆ మూత తెరవండి. లేకపోతే పూల్ నీళ్లన్నీ గదిలోకి వస్తాయి. పరీక్షలు చేసేంతసేపూ పూల్‌లో ఎవరూ ఉండకూడదు. ఒక లైను మూస్తే మిగిలిన లైనులో లాగుడు పెరుగుతుంది, అడుగు డ్రెయిన్ జాలీకి జుట్టో చేయో అతుక్కుంటే విడిపించడం కష్టం.

అది గాలి లీకేనా?

బుట్ట శుభ్రం చేసి మూత పెట్టాక కొద్ది నిమిషాలు బుడగలు రావడం మామూలే. పూల్ అడుగు ఊడ్చే వ్యాక్యూమ్ పైపు వేసినప్పుడూ అంతే, పైపులో మిగిలిన గాలి బయటపడాలి. ఓజోన్ యూనిట్ ఉన్న పూల్‌లో వెంచురీ అనే సన్నని గొంతు భాగం కావాలనే వాయువును నీటిలో కలుపుతుంది. దాన్ని ఆపి, బుడగలు ఆగాయేమో చూసుకోండి.

గులకరాళ్లు దొర్లుతున్నట్టు పంపు మోగుతుంటే, మూతలో మాత్రం నీళ్లు నిండుగా, తేటగా ఉంటే అది గాలి లీకు కాకపోవచ్చు. బుట్ట నిండిపోయిందేమో, సక్షన్ వాల్వు సగం మూసి ఉందేమో చూడండి. పంపుకు నీళ్లు చాలకపోయినా అదే మోత వస్తుంది. స్ట్రైనర్ డ్రెయిన్ ప్లగ్గు స్థానంలో వ్యాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే సందేహం తీరుతుంది. లైను మూసుకుపోతే ముల్లు మామూలు కంటే పైకి పోతుంది, గాలి పడుతుంటే కిందికి పడిపోతుంది.

మొదట నీటిమట్టం

ఇక్కడ డబ్బు ఖర్చు లేదు, పనిముట్టు అక్కర్లేదు. అయినా ఎక్కువమంది దీన్ని చివర చూస్తారు.

స్కిమ్మర్ (నీటిపై తేలే చెత్తను లాగే, గోడలోని పెట్టె) ఉన్న పూల్ అయితే నీళ్లు దాని నోటికి సగం ఎత్తులో ఉండాలి. మే నెల ఎండకు రోజుకు అర సెంటీమీటరు పైనే ఆవిరవుతుంది, వారం పట్టించుకోకపోతే మట్టం నోటి అంచుకు దిగుతుంది. అప్పుడు స్కిమ్మర్‌లో నీళ్లు సుడి తిరిగి, ఆ సుడి మధ్యలోంచి గాలి పైపులోకి దిగుతుంది. స్కిమ్మర్ తలుపు పైకి ఇరుక్కుపోయినా, ఆకులు అడ్డం పడినా ఇదే జరుగుతుంది. దీనికో గుర్తుంది. మూతలోంచి చూస్తే బుడగలు ఒకే ధారగా రావు, గుటకలు గుటకలుగా వస్తాయి.

హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో కనిపించే ఓవర్‌ఫ్లో పూల్‌లో స్కిమ్మర్ ఉండదు. అంచు దాటిన నీళ్లు గట్టర్ ద్వారా బ్యాలెన్సింగ్ ట్యాంకులోకి పోతాయి, పంపు అక్కడి నుంచి లాగుతుంది. సాయంత్రం పిల్లలంతా ఒక్కసారి నీళ్లలోంచి లేచాక బుడగలు మొదలై, గంటకో రెండు గంటలకో తగ్గాయంటే అనుమానం నేరుగా ట్యాంకు మీదే పెట్టండి. మనుషులు దిగితే నీళ్లు పొంగి ట్యాంకులో చేరతాయి. వాళ్లు లేచాక పూల్ మట్టం పడిపోతుంది, మళ్లీ అంచుదాకా నిండేవరకు ట్యాంకుకు తిరిగొచ్చే నీళ్లు తగ్గుతాయి. పంపు లాగుడు మాత్రం తగ్గదు. ట్యాంకు మూత తీసి టార్చి వేసి చూడండి. సక్షన్ పైపు నోటి మీద సుడి కనిపించినా, గట్టర్ నీళ్లు సరిగ్గా ఆ నోటి దగ్గరే పడి నురగ కడుతున్నా కారణం దొరికినట్టే. ఫ్లోట్ వాల్వు పని చేస్తోందో లేదో చూసి మట్టం పెంచండి. గట్టర్ పైపుకు వంపు, ముక్క తగిలించి నీళ్లను ట్యాంకు అవతలి మూలకు, నీటిమట్టం కిందికి దించండి.

పంపు మూత, ఓరింగ్

మట్టం బాగుంటే ఇక పంపు దగ్గర కూర్చోండి. బుడగలు మూత అంచు చుట్టూ పుడుతున్నాయా, బుట్టలోకి వచ్చే పైపు నోటిలోంచి వస్తున్నాయా అన్నది మూతలోంచి నిదానంగా గమనించండి. అంచు దగ్గరైతే తప్పు మూతది. పైపు నోటిలోంచైతే వెనక లైనుది. ఈ ఒక్క చూపుతో సగం పని తగ్గుతుంది. నమ్మకం కలగకపోతే తడి గుడ్డ మూత చుట్టూ బిగించి చుట్టి, దాని మీద మగ్గుతో నీళ్లు పోస్తూ ఉండండి. నీళ్లు పోసినంతసేపూ బుడగలు ఆగి, ఆపగానే మళ్లీ వస్తే మూతే.

మూత తీసి ఓరింగ్ (మూత కింది రబ్బరు వలయం) బయటకు లాగండి. వేళ్ల మధ్య మడిచి చూస్తే సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి. గాడిలో కూర్చోకుండా బయటకు జారుతుంటే సాగిపోయిందన్నమాట. ఒకవైపు పలకగా అణిగిపోయి ఉన్నా పనికిరాదు. పగులు లేకపోతే ఓరింగ్‌నీ గాడినీ మూత అడుగునీ తడి గుడ్డతో తుడవండి. గాడిలో వేపాకు ఈనె ముక్క, ఇసుక రేణువు, ఒక్క తలవెంట్రుక ఉన్నా చాలు, గాలికి దారి దొరుకుతుంది. మూత ప్లాస్టిక్‌ను వెలుతురుకు పెట్టి గీతలా పగులుందేమో కూడా చూడండి.

ఓరింగ్‌కు సిలికాన్ గ్రీజు పలుచగా, మెరిసేంత మాత్రమే రాయండి. వాజిలీన్, బేరింగ్ గ్రీజు, కొబ్బరినూనె వద్దు, వాటికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. మూత చేత్తోనే బిగించాలి. సుత్తితో చెవుల మీద కొట్టి బిగిస్తే ఓరింగ్ ఒక పక్క నలిగి ఇంకోపక్క సందు పడుతుంది.

షాపులో అసలు సైజు దొరక్క, ఓరింగ్ తాడు కోసి రెండు కొసలూ ఫెవిక్విక్‌తో అతికిస్తుంటారు. ఆ అతుకు గట్టిగా రాయిలా అవుతుంది, మూత బిగించాక అక్కడ రబ్బరు అణగదు. పది రోజుల్లో మళ్లీ అదే కథ. పంపు మోడల్ నంబరు చెప్పి సరైన ఓరింగ్ తెప్పించండి, ఇంకోటి అదనంగా పంప్ రూమ్‌లో పెట్టండి. ఓరింగులు తరచూ గట్టిపడిపోతున్నాయంటే స్కిమ్మర్ బుట్టలో క్లోరిన్ బిళ్లలు వేసే అలవాటుందేమో అడగండి. రాత్రి పంపు ఆగినప్పుడు అక్కడ చిక్కబడ్డ క్లోరిన్ నీళ్లే పొద్దున పంపులోకి మొదట వచ్చేవి.

పంపు అడుగున సాధారణంగా రెండు డ్రెయిన్ ప్లగ్గులుంటాయి. స్ట్రైనర్ కిందిది సక్షన్ వైపు కాబట్టి వదులైతే గాలి లాగుతుంది. ఇంపెల్లర్ (నీళ్లు తోసే చక్రం) గది కిందిది ఒత్తిడి వైపు, అది నీళ్లు కారుస్తుంది. మొదటిదాని ఓరింగ్ మార్చండి. ఓరింగ్ లేని రకమైతే కొత్త టెఫ్లాన్ టేపు చుట్టండి.

ఆపి చూడండి, నురగ పూసి చూడండి

పంప్ రూమ్ పూల్ కంటే కిందుంటే అదృష్టమే. పంపు ఆపి, వాల్వులు తెరిచే ఉంచి, ప్రతి జాయింటునూ పొడి గుడ్డతో తుడిచి అరగంట ఆగండి. పంపు నడిచేటప్పుడు గాలి లోపలికి పోయిన చిల్లులోంచే ఇప్పుడు నీటి బొట్టు బయటకొస్తుంది. కింద న్యూస్‌పేపరు పరిస్తే చిన్న బొట్టూ దొరుకుతుంది. శంషాబాద్, మొయినాబాద్ వైపు ఫామ్‌హౌసుల్లోలా పంపు గట్టు మీదుంటే బొట్టు రాదు. పంపు ఆగాక నీళ్లు వెనక్కి జారి బుట్ట ఖాళీ అవుతుంది.

అప్పుడు పనికొచ్చేది షేవింగ్ ఫోమ్. పంపు నడుస్తుండగా సక్షన్ వైపు ప్రతి జాయింటు, వాల్వు కాడ, యూనియన్ (విప్పి బిగించే జాయింటు) చుట్టూ వేలు మందాన పూయండి, జెల్ రకం పనికిరాదు. ఒక్కో జాయింటు దగ్గర నిమిషంసేపు కళ్లప్పగించి చూడండి. గ్యాస్ సిలిండర్‌కు సబ్బునీళ్లు రాసి చూడటానికి ఇది తిరగేసిన పద్ధతి. అక్కడ బుడగ బయటకు ఉబ్బుతుంది, ఇక్కడ నురగలో సూదితో గుచ్చినట్టు సొట్ట పడి, అది మెల్లగా గరాటులా లోపలికి దిగుతుంది. ఆ సొట్ట పడినచోట మార్కర్‌తో గుర్తు పెట్టి ముందుకెళ్లండి. ఒకచోట దొరికిందని ఆపేయకండి, రెండు మూడు చోట్ల ఉండటం మామూలే.

అగరుబత్తి పొగ పట్టి చూసేవాళ్లూ ఉన్నారు. హైపోక్లోరైట్ పొడి డబ్బాలుండే పంప్ రూమ్‌లో నిప్పు ముట్టించే పని పెట్టుకోకండి.

పంపు నోటి దగ్గరి ఎంటీఏ

నురగ ఎక్కువగా సొట్ట పడేది పంపు ఇన్లెట్‌లోకి మరబిగించిన ఎంటీఏ (మర ఉన్న పైపు అడాప్టరు) దగ్గర. కారణం సాధారణంగా వేడి. పంపు కాసేపు నీళ్లు లేకుండా తిరిగితే లోపల మిగిలిన కొద్ది నీళ్లు కాగిపోతాయి. యూపీవీసీ 60 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, మర కుంచించుకుపోతుంది. చల్లారాక అది మళ్లీ మొదటి కొలతకు రాదు. బిగిస్తే ఆగుతుందనుకుని పైప్ రెంచి వేస్తే పంపు వైపు మర చీలిపోతుంది, అప్పుడు మార్చాల్సింది పంపు బాడీనే. ఎంటీఏ కోసి కొత్తది వేయడమే దారి.

ఇక్కడే రెండో పొరపాటు దాగి ఉంటుంది, సైజు. షాపులో 2 అంగుళాలు అంటే రెండు రకాలు ఇస్తారు. వ్యవసాయ పైపుల మిల్లీమీటరు కొలతలో బయటి వ్యాసం 63 మి.మీ., ఇంటి ప్లంబింగ్ షెడ్యూల్ రకంలో 60.3 మి.మీ. ఒకదాని పైపు ఇంకోదాని సాకెట్‌లో పెట్టి సందును పీవీసీ జిగురు సొల్యూషన్‌తో నింపేస్తారు. సొల్యూషన్ రెండు ప్లాస్టిక్ ముఖాల్ని కరిగించి కలపడానికే గాని సందు పూడ్చడానికి పనికిరాదు, ఎండాక కుదించుకుపోయి గాలికి దారి ఇస్తుంది. 3 అంగుళాల దగ్గర మోసం ఇంకా ఎక్కువ. అక్కడ 90, 88.9 మి.మీ. మధ్య తేడా చేతికి తెలియదు. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి కొనండి. పొడిగా పెట్టి చూసినప్పుడు పైపు సాకెట్‌లో మూడింట రెండు వంతులు దిగాక బిగుసుకోవాలి. అడుగుదాకా గలగలా దిగితే ఆ జత వద్దు.

మార్చే పని ఇలా:

1. పంపుకు కనీసం 30 సెంటీమీటర్ల నేరు పైపు వదిలి, చదునుగా కోయండి. కోసిన అంచు పొక్కులు కత్తితో గీకండి.
2. ఎంటీఏ మర కొస మీవైపు తిప్పుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున టెఫ్లాన్ టేపు చుట్టండి. మామూలు పలుచని టేపైతే 6 నుంచి 8 చుట్లు. తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దవుతుంది. జనపనార, పెయింటు ప్లాస్టిక్ మరకు వద్దు.
3. చేత్తో బిగిసినంత బిగించి, ఆ పైన ఒకటి ఒకటిన్నర చుట్టు మాత్రమే పానాతో తిప్పండి.
4. పైపు, సాకెట్ రెంటినీ ఎమ్రీ పేపరుతో రుద్ది, దుమ్ము తుడిచి, రెంటికీ సొల్యూషన్ రాసి, పావు చుట్టు తిప్పుతూ అడుగుదాకా నెట్టి అర నిమిషం పట్టుకోండి. డబ్బాలో జిగురు జెల్లీలా గడ్డకట్టి ఉంటే పారేయండి. ఎండలో సొల్యూషన్ నెట్టేలోపే ఆరిపోతుంది, పొద్దున్నే పెట్టుకోండి.
5. ఈసారి మధ్యలో యూనియన్ వేయండి. మళ్లీ విప్పాల్సి వస్తే రంపం అక్కర్లేదు.
6. 24 గంటలు ఆగి పంపు వేయండి.

అన్ని గంటలు ఆపలేని పరిస్థితుల్లో పగులు చిన్నదైతే పంపు ఆపి ఆరబెట్టి ఎం-సీల్ మెత్తి పెట్టండి. లోపలికి లాగే ఒత్తిడి దాన్ని పగులులోకే నొక్కుతుంది కాబట్టి కొన్నాళ్లు ఆగుతుంది. అంతకు మించి నమ్మకండి.

వాల్వులు ఒక్కొక్కటే

బుడగలు పైపు నోటిలోంచే వస్తున్నా, కనిపించే జాయింట్లన్నీ బాగుంటే లైన్లను విడదీయండి. పంపు నడుస్తుండగా స్కిమ్మర్ వాల్వు మూసి మూడు నిమిషాలు చూడండి. తెరిచి, మెయిన్ డ్రెయిన్, తర్వాత వ్యాక్యూమ్ లైను. అన్నీ ఒకేసారి మూయకండి. ఏది మూస్తే నీళ్లు తేటపడ్డాయో ఆ లైనులోనే తప్పు. ఏది మూసినా మారకపోతే వాల్వులకీ పంపుకీ మధ్య హెడర్‌లో (లైన్లన్నీ కలిసే పైపు), లేదా వాల్వు కాడల ఓరింగుల్లో వెతకండి. కాడ చుట్టూ నురగ పూసి పిడి అటూ ఇటూ కదిలిస్తే సొట్ట పడుతుంది. బాల్ వాల్వు రెండువైపులా యూనియన్ ఉన్న రకమైతే లోపలి ఓరింగులు మార్చవచ్చు. అతికించేసిన రకమైతే కోయాల్సిందే.

వ్యాక్యూమ్ గొట్టంతో ఊడ్చేటప్పుడే బుడగలొస్తుంటే గొట్టంలో తేలే భాగాన్ని, కొస దగ్గర తిరిగే స్వివెల్ కఫ్‌ను చూడండి. నీళ్లలో మునిగిన చిల్లు నీళ్లనే లాగుతుంది, పైకి తేలిన చిల్లే గాలి లాగుతుంది.

మెకానికల్ సీలును చివరకు ఉంచండి. మోటారుకీ పంపుకీ మధ్య నీళ్లు కారుతుంటే అది పోయినట్టే, కాని సాధారణంగా అది నీళ్లే కారుస్తుంది. బుడగలకు అది మూలం కావడం అరుదు. బుడగల పేరు చెప్పి ముందు సీలు మార్చమనే వాళ్లను కారణం అడగండి.

నేల కింద పైపు

ఇంతదాకా దొరకకపోతేనే. ముందు బకెట్ పరీక్ష పెట్టండి. బకెట్‌లో నీళ్లు నింపి పూల్ మెట్టు మీద పెట్టి, లోపలి మట్టం, బయటి మట్టం గీతలు గీయండి. ఫ్లోట్ వాల్వు మూసి, పంపు ఆపి 24 గంటలు ఆగండి. బకెట్‌లో తగ్గినదానికంటే పూల్ ఎక్కువ తగ్గితే లైనో పూలో కారుతోంది.

తర్వాత లైనుకు ప్రెజర్ టెస్ట్. పూల్ వైపు రబ్బరు టెస్ట్ ప్లగ్గు బిగించి, పంపు వైపు యూనియన్ విప్పి గేజ్ ఉన్న మూత పెట్టి, గాలి పూర్తిగా వెళ్లేలా నీళ్లు నింపి చేతి పంపుతో ఒక బార్ దాకా తేవండి. అరగంటలో ముల్లు దిగకూడదు. కంప్రెసర్ గాలితో ఈ పరీక్ష చేయకండి, పీవీసీ పగిలితే పెంకులు బుల్లెట్లలా ఎగురుతాయి. ముల్లు దిగితే ముందు స్కిమ్మర్ అడుగు జాయింటు దగ్గర తవ్వించండి. పూల్ చుట్టూ వేసిన మట్టి కుంగినప్పుడు మొదట విరిగేది అదే. పోయింది వ్యాక్యూమ్ లైనైతే తవ్వకం ఖర్చుతో పోల్చుకుని, వాల్వు మూసేసి కదిలించే పంపుతో ఊడ్చుకోవడం కూడా ఆలోచించవచ్చు.

బాగుచేశాక బుట్ట నిండా నీళ్లు పోసి మూత పెట్టి, ఎయిర్ బ్లీడ్ తెరిచి పంపు వేయండి. మూడు నిమిషాల్లో నీళ్లు పట్టుకోకపోతే ఆపేయండి, ఇంకా తిప్పితే సీలు కాలుతుంది. పట్టుకున్నాక మూత మీద నీటిమట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, గేజ్ అంకె గోడ మీద రాసి, రాత్రికి ఆపండి. తెల్లారి స్విచ్ వేసే ముందు చూడండి. గట్టు మీది పంపులో నీళ్లు గీత దగ్గరే నిలిచి ఉంటే పని అయింది. దిగితే నురగ డబ్బా మళ్లీ తీయండి, రెండో చిల్లు ఇంకా ఉంది.